మారుతి 800 (1992 మోడల్): ఇంజిన్ వేడెక్కాక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నిలబడట్లేదు, కార్బరేటర్ మార్చాలా?

గుంటూరు_800
ఆదివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. బండి మా నాన్నగారిది, 1992 మారుతి 800. నాన్న స్కూల్లో పనిచేసే రోజుల్లో కొన్నది. ఇప్పుడాయనకు 78 ఏళ్లు. ప్రతి సోమవారం అమరావతి గుడికి ఈ బండిలోనే వెళ్లాలంటారు. వేరే కారు ఉన్నా అందులో ఎక్కరు.

సమస్య ఇది. పొద్దున్నే చోక్ (ఇంజిన్‌కి గాలి తగ్గించే మీట) లాగి సెల్ఫ్ కొడితే ఒక్కసారికే స్టార్ట్ అవుతుంది. మొదటి పది నిమిషాలు ఏ ఇబ్బందీ లేదు. ఇంజిన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలితే రెండు మూడు సార్లు ఊగి ఆగిపోతుంది. మొన్న లాడ్జి సెంటర్‌లో నాలుగుసార్లు ఆగింది. వెనక హారన్లు, పక్కన నాన్న. ఆయన ఏమీ అనలేదు కానీ డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది.

ఇప్పటిదాకా చేయించినవి: కార్బరేటర్ (పెట్రోల్, గాలి కలిపే భాగం) రెండుసార్లు విప్పి కడిగించాం, కిట్ మార్చాం. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి. మెకానిక్ చివరికి రేసింగ్ స్క్రూ బిగించి స్లో పెంచి ఇచ్చాడు. ఇప్పుడు ఒక్కోసారి ఆగిపోతుంది, ఒక్కోసారి స్లో దిగకుండా గట్టిగా అరుస్తూ ఉంటుంది. కొత్త కార్బరేటర్ వేసేయమంటున్నాడు. వేయమంటారా?

ఓరుగల్లు_పద్మిని
ఆదివారం, ఉదయం 9:25

అన్నా, తొందరపడి కార్బరేటర్ కొనకు. నా పద్మిని కారుకు ఇట్లనే అయితే రెండేళ్ల కింద కొత్తది వేయించిన. పైసలు పోయినయి, జబ్బు అట్లనే ఉంది. ఆఖరికి చూస్తే డెల్కోలో (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) కండెన్సర్ పోయింది. పాత కార్బరేటర్ ఇంకా నా దగ్గరనే ఉంది, అది మంచిదే.

నీ బండిలో పాయింట్లా (డెల్కోలో కరెంటు తెంచి కలిపేవి), ఎలక్ట్రానిక్ డెల్కోనా? అది ముందు చెప్పు.

గుంటూరు_800
ఆదివారం, ఉదయం 9:50

పాయింట్లే అన్నా. ఎప్పుడు మార్చారో గుర్తు లేదు.

పాతబండి_కాకినాడ
ఆదివారం, మధ్యాహ్నం 1:15

గుంటూరు గారూ, నమస్తే అండి. ఇరవై రెండేళ్లు షెడ్డు నడిపాను, అందులో సగం 800లూ ఓమ్నీలే. మీరు చెప్పినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క ఒకటుంది: "మొదటి పది నిమిషాలు ఏ ఇబ్బందీ లేదు". దాన్ని పట్టుకుందాం.

ముందు ఆ రేసింగ్ స్క్రూ సంగతి. అది బిగిస్తే లోపల బటర్‌ఫ్లై (గాలి దారికి అడ్డంగా తిరిగే రేకు) కొంచెం తెరుచుకుంటుంది. ఎక్కువ తెరుచుకుంటే స్లో కన్నం పక్కనే ఉండే చిన్న చిన్న కన్నాలు బయటపడి, వాటిలోంచి పెట్రోల్ వస్తుంది. అంటే బండి స్లో సర్క్యూట్ మీద కాకుండా, యాక్సిలరేటర్ కాస్త తొక్కినట్టు నడుస్తూ ఉంటుంది. అప్పుడు మిక్చర్ స్క్రూ (స్లోలో పెట్రోల్ పాలు సరిచేసేది) ఎంత తిప్పినా తేడా రాదు. అసలు జబ్బు కింద దాక్కుంటుంది. మీ మెకానిక్ తప్పని అనను. సాయంత్రానికి బండి ఇచ్చేయాలంటే చాలామంది చేసేది అదే. కానీ మనం వెతకాలంటే ముందు ఆ స్క్రూ వెనక్కి తిప్పాలి.

మూడు ప్రశ్నలు. వేడిగా ఉన్నప్పుడు ఆగిపోబోతుంటే చోక్ కొంచెం లాగితే నిలబడుతుందా? తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకుండా ఉంటే కార్బరేటర్ దగ్గర 'టక్' అని వినిపిస్తోందా? టాపెట్లు (వాల్వుల గ్యాప్) ఎప్పుడు చూపించారు?

గుంటూరు_800
ఆదివారం, రాత్రి 7:30

కాకినాడ గారూ, చాలా థ్యాంక్స్. ఇప్పుడే ఒక రౌండ్ తిప్పి వచ్చి చూశాను.

చోక్ పావు వంతు లాగితే నిలబడుతోంది. తీసేస్తే అరనిమిషంలో ఆగిపోతోంది. 'టక్' స్పష్టంగా వినిపిస్తోంది, మా అబ్బాయి తాళం తిప్పుతుంటే నేను బానెట్ దగ్గర చెవి పెట్టి విన్నాను. టాపెట్లు నాలుగేళ్లుగా చూపించలేదు.

ఒంగోలు_ఓమ్ని
ఆదివారం, రాత్రి 8:05

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. ఆ 'టక్' ఏంటండి? నా ఓమ్ని (కార్బరేటర్‌ది) వారం నుంచి చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా చోక్ లేకుండా స్లోలో అసలు ఉండట్లేదు. రోడ్డు మీద మాత్రం బాగానే లాగుతోంది. ఇది చదివి ఇప్పుడే వెళ్లి విన్నాను. నా బండిలో ఏ శబ్దమూ లేదు.

పాతబండి_కాకినాడ
ఆదివారం, రాత్రి 8:40

ఒంగోలు గారూ, మీ జబ్బు దొరికినట్టే ఉందండి. కార్బరేటర్‌కి పక్కన వేలి కణుపంత సోలెనాయిడ్ ఉంటుంది, దానికో వైరు. తాళం తిప్పగానే కరెంటు అంది లోపలి పిన్ను వెనక్కి లాక్కుంటుంది, స్లో సర్క్యూట్‌కి పెట్రోల్ దారి తెరుచుకుంటుంది. తాళం తీస్తే మూసుకుంటుంది. ఇంజిన్ ఆపాక కూడా కొట్టుకోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు అది. కరెంటు రాకపోతే స్లోకి చుక్క పెట్రోల్ పోదు. రోడ్డు మీద పెట్రోల్ ఇచ్చే కన్నం, అదే మెయిన్ జెట్, వేరు కాబట్టి రోడ్డు మీద తేడా తెలియదు.

ముందు వైరు ఊడిందేమో, చివర పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. తర్వాత ఫ్యూజు. వైరు చివర టెస్ట్ ల్యాంప్ పెడితే వెలగాలి. వెలిగినా 'టక్' లేకపోతే సోలెనాయిడ్ పోయినట్టు.

ఒంగోలు_ఓమ్ని
ఆదివారం, రాత్రి 9:20

ఓమ్నికి ఇంజిన్ సీటు కిందే కదా, సీటు ఎత్తి టార్చి వేసి చూశానండి. వైరు పైకి బాగానే కనిపిస్తోంది, కానీ పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేసింది. లోపల రాగి మొత్తం విరిగిపోయి తొడుగు ఒక్కటే పట్టుకుని ఉంది! కొత్త క్లిప్పు వేసి నొక్కగానే 'టక్'. స్టార్ట్ చేశా, చోక్ లేకుండా నడుస్తోంది. వారం నుంచి టెన్షన్‌తో ఆఫీసుకు ఆటోలో పోతున్నాను. మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పాతబండి_కాకినాడ
ఆదివారం, రాత్రి 9:45

సంతోషమమ్మా. ఆ వైరు ఇంజిన్‌తో పాటు ఊగకుండా ఎక్కడైనా ఒక ట్యాగ్ వేసి కట్టేయండి, మళ్లీ విరగదు.

గుంటూరు గారూ, మీ సోలెనాయిడ్ పనిచేస్తోంది. చోక్ లాగితే నిలబడుతోందంటే ఇంజిన్‌కి గాలి ఎక్కువా పెట్రోల్ తక్కువా అందుతున్నాయి. దానికి రెండు కారణాలు. స్లో జెట్ మూసుకుపోయి పెట్రోల్ తగ్గడం ఒకటి. కార్బరేటర్ దాటాక ఎక్కడో ఇంజిన్ దొంగగాలి లాగడం రెండోది. మీరు రెండుసార్లు కడిగించారు. పైగా జెట్‌లో చెత్త ఉంటే చల్లగా ఉన్నప్పుడు కూడా చోక్ తీయగానే ఆగాలి. అందుకే నా అనుమానం గాలి మీద. కానీ దాని జోలికి వెళ్లే ముందు పాయింట్లు, టాపెట్లు సరిచేయించండి. అవి తప్పుగా ఉండగా కార్బరేటర్ ముట్టుకుంటే రెండు జబ్బులు కలిసిపోయి ఏది ఏదో తెలియదు.

నాచారం_నట్టుబోల్టు
సోమవారం, ఉదయం 7:10

కాకినాడ గారి మాటకు నాదొక చేర్పు. వ్యాక్యూమ్ గేజ్ (ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని కొలిచే మీటర్) ఒకటి సంపాదించండి. మానిఫోల్డ్‌కి (కార్బరేటర్ నుంచి సిలిండర్లకు వెళ్లే గొట్టాలు) వచ్చే ఏదో ఒక సన్న పైపు తీసి అక్కడ తగిలించాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య కదలకుండా చూపిస్తుంది. గుంటూరు సముద్ర మట్టానికి దగ్గర కాబట్టి మీకు ఈ లెక్క సరిపోతుంది. మా హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది కాబట్టి ఇక్కడ అదే ఇంజిన్ ఒకటిన్నర, రెండు అంగుళాలు తక్కువ చూపిస్తుంది. నాకు ఈ సంగతి తెలియక ఒక నెల నా బండిలో లేని లీకు కోసం వెతికాను.

ముల్లు 12, 13 దగ్గర నిలబడిపోతే గాలి లీకు గానీ, టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) వెనకబడటం గానీ. భజనలో తాళం కొట్టినట్టు ముల్లు అదే పనిగా ఒక దెబ్బ కిందికి కొడుతుంటే వాల్వు చూసుకోవాలి.

ఇంకోటి, 800కి ఆర్‌పీఎం మీటర్ లేదు కదా. నేను ఫోన్లో శబ్దాన్ని గ్రాఫ్‌గా చూపించే యాప్ పెట్టి సైలెన్సర్ దగ్గర రికార్డు చేస్తాను. మూడు సిలిండర్ల ఇంజిన్ రెండు తిప్పులకు మూడుసార్లు పేలుతుంది. కాబట్టి 900 తిప్పుల దగ్గర సెకనుకు 22.5 పేలుళ్లు. గ్రాఫ్‌లో ఆ 22.5 గానీ, దాని రెట్టింపు 45 గానీ ముల్లులా లేచి కనిపిస్తుంది. ట్యూనింగ్ మీటర్ లేనివాళ్లకు బాగా పనికొస్తుంది.

ఓరుగల్లు_పద్మిని
సోమవారం, ఉదయం 8:00

నట్టుబోల్టు అన్నా, ఈ లెక్క నా నాలుగు సిలిండర్ల బండికి 800 తిప్పుల దగ్గర 26.7 అవుతది కదా? రాత్రి చూస్తా.

గుంటూరు గారు, ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) సంగతి కూడా చూడండి. పాత రబ్బరు పైపులు దానికి ఆగుతలేవు. నా బండి పెట్రోల్ పైపు ఉబ్బి మెత్తబడి, లోపలి నుంచి నల్లగా పొరలు ఊడొచ్చినయి.

పాతబండి_కాకినాడ
సోమవారం, ఉదయం 11:30

పద్మిని గారు చెప్పింది నిజం. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది. ఉత్త పెట్రోల్ కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలంటే, ఈ20కి సుమారు 13.5 చాలు. పాత జెట్లు పాత పెట్రోల్ లెక్కకు చేసినవి. అంటే ఏ లీకూ లేకపోయినా మన బండ్లు ఇప్పుడు కాస్త గాలి ఎక్కువ వైపే నడుస్తున్నాయి. ఒకప్పుడు చిన్న లీకు ఉన్నా ఓర్చుకున్న బండి ఇప్పుడు ఓర్చుకోలేదు.

గుంటూరు_800
బుధవారం, రాత్రి 9:10

పాయింట్లు, టాపెట్లు చేయించాను. పాయింట్ల మధ్య గ్యాప్ 0.25 మి.మీ. కూడా లేదు, ఒకవైపు గుంట పడి రెండోవైపు మొటిమలా లేచి ఉంది. కొత్తవి వేసి 0.45 పెట్టాం. టాపెట్లలో ఒక ఎగ్జాస్ట్ బాగా బిగుసుకుపోయి ఉంది. టైమింగ్ లైట్ పెట్టి సరిచేశారు.

బండి లాగడం మారిపోయింది. ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కింది. కానీ వేడెక్కాక స్లో మాత్రం అలాగే ఉంది.

ప్లగ్గులు విప్పి ఫొటోలు పెట్టాను చూడండి. పది నిమిషాలు స్లోలో చోక్ పట్టి నడిపి, ఆపి విప్పినవి. మూడూ తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉన్నాయి.

పాతబండి_కాకినాడ
బుధవారం, రాత్రి 10:00

ఫొటోలు బాగా తీశారు. మూడూ ఒకేలా ఉండటం గమనించారా? ఒక్క ప్లగ్గే తెల్లగా ఉంటే ఆ సిలిండర్ దగ్గర మానిఫోల్డ్ ప్యాకింగ్ (సందులో గాలి దూరకుండా వేసే పొర) మీద అనుమానపడాలి. మూడూ తెల్లగా ఉన్నాయంటే, గాలి మూడు దారులూ విడిపోకముందే లోపలికి వస్తోంది. అంటే కార్బరేటర్ అడుగున, లేదా మానిఫోల్డ్ మధ్యలోకి వచ్చే పైపుల దగ్గర. చోక్ మీద నడిపినా తెల్లగానే ఉన్నాయంటే లీకు చిన్నది కాదు.

ఇంతకుముందు ఎవరైనా లీకు టెస్ట్ చేశారా?

గుంటూరు_800
బుధవారం, రాత్రి 10:20

చేశారండి. కార్బరేటర్ క్లీనర్ స్ప్రే చుట్టూ కొట్టి చూశారు, ఏ తేడా రాలేదు. షెడ్డులో పొద్దున్నే, బండి తీసుకెళ్లగానే చేశారు.

పాతబండి_కాకినాడ
బుధవారం, రాత్రి 10:35

అదండీ సంగతి! పొద్దున్నే తీసుకెళ్లగానే చేశారంటే మీ బండి అప్పటికి వేడెక్కలేదు. జబ్బు వేడిలో ఉంటే చల్లగా ఉన్నప్పుడు వెతికితే ఎలా దొరుకుతుంది?

రేపు అరగంట బాగా తిప్పి రండి. స్లో మీద పెట్టి, చోక్ కొద్దిగా పట్టుకుని, మామూలు నీళ్ల స్ప్రే బాటిల్‌తో కార్బరేటర్ అడుగున ప్యాకింగ్ చుట్టూ ఒక్కో వైపు కొట్టండి. వేడి ఇంజిన్ మీద ఆ క్లీనర్ స్ప్రే వద్దే వద్దు. సైలెన్సర్ పైపు మీద పడితే భగ్గుమంటుంది, నా కళ్లతో చూశాను. నీళ్లు చాలు. లీకు ఉన్నచోట నీళ్లు క్షణం పాటు కన్నం మూస్తాయి, ఇంజిన్ శబ్దం వెంటనే మారుతుంది. డెల్కో మీద, ప్లగ్ వైర్ల మీద మాత్రం పడనివ్వకండి.

నాచారం_నట్టుబోల్టు
గురువారం, ఉదయం 6:50

గేజ్ దొరికితే అది కూడా పెట్టి, చల్లగా ఎంత ఉంది, వేడెక్కాక ఎంత ఉంది రెండూ రాసుకోండి.

గుంటూరు_800
శుక్రవారం, రాత్రి 8:15

దొరికింది! ముందు అంకెలు: గేజ్ ఒక తెలిసిన షెడ్డులో అడిగి తెచ్చాను. చల్లగా ఉన్నప్పుడు 18. అమరావతి రోడ్డులో తిప్పి వచ్చాక 13, ముల్లు కుదురుగా లేదు.

నీళ్ల స్ప్రే మూడు వైపులా కొట్టాను, ఏమీ కాలేదు. నాలుగోది ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కారు లోపలికీ మధ్య ఉండే గోడ) వైపు, చెయ్యి సరిగా దూరని మూల. బాటిల్ తలకిందులుగా పట్టుకుని కొట్టగానే జుర్రుమని శబ్దం వచ్చింది, ముల్లు 13 నుంచి 16కి లేచి మళ్లీ పడింది. నాలుగుసార్లు కొట్టా, నాలుగుసార్లూ అంతే. మా అబ్బాయి వీడియో తీశాడు. నాన్న కూడా కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు.

ఇప్పుడు ప్యాకింగ్ మారిస్తే సరిపోతుందా?

పాతబండి_కాకినాడ
శుక్రవారం, రాత్రి 8:50

మార్చాలి, కానీ ఒక్క ప్యాకింగ్‌తో ఆగకండి. రెండుసార్లు విప్పినప్పుడు కొత్త ప్యాకింగ్ వేసే ఉంటారు కదా, అయినా లీకు ఉందంటే కార్బరేటర్ అడుగు వంగిందేమో చూడాలి. అది మెత్తని లోహం. మూలల్లో నట్లు బలంగా బిగించేకొద్దీ మూలలు కిందికి, మధ్యభాగం పైకి వంగుతాయి. చల్లగా ఉంటే ప్యాకింగ్ ఆ సందు పూడుస్తుంది. వేడికి సందు తెరుచుకుంటుంది.

కార్బరేటర్ దించి, అడుగు తుడిచి, స్టీలు స్కేలు అంచు నిలబెట్టి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు కనిపిస్తే వంగినట్టే. కింద ఉండే నల్ల ఫైబర్ దిమ్మ కూడా అలాగే చూడండి.

గుంటూరు_800
ఆదివారం, మధ్యాహ్నం 12:30

మెకానిక్‌ని ఇంటికి పిలిచి దగ్గరుండి చేయించాను. స్కేలు కింద సన్నగా తెల్లని గీతలా వెలుతురు, సరిగ్గా ఆ ఫైర్‌వాల్ వైపే. 0.15 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలుచటి రేకు) సులువుగా దూరింది, 0.20 కొంచెం పట్టుకుంటూ దూరింది. మెకానిక్ కూడా చూసి ఆశ్చర్యపోయాడు. "ఇన్నేళ్లలో అడుగు ఎప్పుడూ చూడలేదు సార్" అన్నాడు. ఫైబర్ దిమ్మ బాగానే ఉంది.

దీన్ని సాఫు చేయడం ఎలా?

పాతబండి_కాకినాడ
ఆదివారం, మధ్యాహ్నం 12:55

మందపాటి గాజు పలక తీసుకోండి, అద్దాల షాపులో ముక్క ఇస్తారు. దాని మీద 220 నంబరు ఎమెరీ పేపర్ పరిచి, కాస్త కిరసనాయిలు గానీ డీజిల్ గానీ చల్లి, అడుగును ఎనిమిది అంకె వేసినట్టు రుద్దండి. బరువు వేయొద్దు. రుద్దే ముందు స్కెచ్ పెన్నుతో అడుగంతా గీతలు గీయండి. గీతలు అంతటా చెరిగేదాకా రుద్దాలి. చివర 400 పేపర్. బటర్‌ఫ్లై, అడుగు ఉన్న కింది భాగం విడదీసి రుద్దితే మంచిది, పొడి పైకి పోదు. అయ్యాక పెట్రోల్‌తో కడిగి, ప్రతి కన్నంలోకీ గాలి కొట్టండి.

బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు, మూడు విడతలుగా. చిన్న స్పానర్ పట్టుకుని మణికట్టు బలంతో ఆగిపోవాలి, భుజం బలం వాడకూడదు.

ఓరుగల్లు_పద్మిని
ఆదివారం, మధ్యాహ్నం 1:10

బిగించేటప్పుడు ఆ పక్కన ఉన్న సన్న పైపులు కూడా కొత్తవి వేసెయ్యి అన్నా. మళ్లీ మళ్లీ విప్పే పని ఉండదు.

గుంటూరు_800
మంగళవారం, రాత్రి 9:40

రుద్దడానికి గంటన్నర పట్టింది. ప్యాకింగ్‌లు, మూడు సన్న పైపులు కొత్తవి. డెల్కో అడ్వాన్స్ పైపు చివర గట్టిపడి పగిలి ఉంది, వంచగానే విరిగింది.

బాగా వేడి చేసి గేజ్ పెట్టాను. 18.5, ముల్లు కదలట్లేదు. రేసింగ్ స్క్రూ దాదాపు రెండు చుట్లు వెనక్కి తిప్పాల్సి వచ్చింది! మిక్చర్ స్క్రూ ఇప్పుడు మాట వింటోంది, పావు చుట్టు తిప్పినా తేడా తెలుస్తోంది. దాన్ని ఎక్కడ ఉంచాలి?

పాతబండి_కాకినాడ
మంగళవారం, రాత్రి 10:05

చాలా ఆనందంగా ఉందండి. ముందు మిక్చర్ స్క్రూ బయటికి తిప్పుతూ ఇంజిన్ అన్నిటికన్నా వేగంగా, నున్నగా తిరిగే చోట ఆపండి. స్లో ఎక్కువైతే రేసింగ్ స్క్రూతో 900 దగ్గరికి తగ్గించండి. మళ్లీ మిక్చర్‌తో గరిష్ఠం వెతకండి. అలా రెండు మూడు సార్లు. చివరగా శబ్దం కొద్దిగా పడే దాకా లోపలికి తిప్పి వదిలేయండి. మూడు సిలిండర్లు కాబట్టి కొద్దిపాటి వణుకు ఉంటుంది, అది దాని స్వభావం, దాన్ని పోగొట్టాలని స్లో పెంచకండి.

తర్వాత పొల్యూషన్ టెస్ట్‌కి తీసుకెళ్లండి. మన కాలం బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు. ఆ కాగితం మీద అంకె ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.

గుంటూరు_800
సోమవారం, సాయంత్రం 6:20

1.4 వచ్చింది. పోయినేడాది 2.8తో గట్టెక్కింది.

పొద్దున నాన్నతో అమరావతి వెళ్లి వచ్చాం. లాడ్జి సెంటర్‌లో రెండు నిమిషాలు సిగ్నల్ పడింది. నేను యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేశాను. నాన్న చెయ్యి డ్యాష్‌బోర్డు మీద లేదు, ప్రసాదం పొట్లం పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఒంగోలు_ఓమ్ని
సోమవారం, రాత్రి 7:00

చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. నాన్నగారికి మా నమస్కారాలు.

నా ఓమ్నికి కూడా అడుగు చూపించాలనుకుంటున్నాను. కార్బరేటర్ దించినప్పుడు ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?

పాతబండి_కాకినాడ
సోమవారం, రాత్రి 7:35

బ్యాటరీ నెగటివ్ ముందు తీయించండి. ప్రతి పైపుకీ చిన్న కాగితం ముక్క కట్టి నంబరు రాయండి, ఫొటో కూడా తీసుకోండి. కార్బరేటర్ లేవగానే మానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన గుడ్డ పెట్టాలి, లేకపోతే నట్టో వాషరో లోపల పడితే హెడ్ విప్పాల్సి వస్తుంది. ఆ గుడ్డ ఎర్రదో పచ్చదో పెద్దది పెట్టి, కొస బానెట్ దాకా బయటికి వేలాడనివ్వండి. బిగించే ముందు తీయడం మరిచిపోకుండా కంటికి కనపడాలి.